జేబులో ఉన్న స్ట్రైకర్ చెల్లుతుందా?

ధనుష్ 'వడ చెన్నై' చూశారా? 2018లో వెట్రిమారన్ తీసిన తమిళ చిత్రం. అందులో హీరో క్యారమ్స్ ఆటగాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 2010లో, మన 'బొమ్మరిల్లు' సిద్ధార్థ్ హిందీలో ఏకంగా 'స్ట్రైకర్' అనే పేరుతోనే ఒక చిత్రం చేశాడు. దర్శకుడు చందన్ అరోరా. బొంబాయిలోని మాల్వణి పేటలో పందేలు కాసి క్యారమ్స్ ఆడే కుర్రాడి కథ. రెండూ నేను చూశాను. ఇంట్లో వాళ్లంతా హీరో మొహం చూస్తుంటే నేను మాత్రం అతని వేళ్ల ముందున్న గుండ్రటి బిళ్లనే చూస్తూ కూచున్నాను. నా అనుమానం ఒకటే... ఆ స్ట్రైకర్ హీరో సొంతమా, బోర్డువాళ్లదా?

నవ్వొచ్చిందా? నవ్వండి. కానీ మీలో ఎవరైనా సెలవుల్లో పదిమందిని పోగేసి టోర్నమెంటు పెట్టి ఉంటే, ఈ ప్రశ్న ఎంత కొంపలు ముంచుతుందో మీకే తెలుసు. మా దేవనకొండలో ఈ ప్రశ్న మీదే ఒక ఏడాది పొడుగునా మాటల్లేకుండా పోయిన స్నేహితులున్నారు.

క్యారమ్స్ మనింటి ఆట గనక దానికి రూలు పుస్తకం ఉందంటే చాలామంది నమ్మరు. ఉంది. 1988లో మద్రాసులో అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య పుట్టింది. అప్పటినుంచి దేశదేశాలకీ ఒకే లెక్క. ఆడే పలక నాలుగు వైపులా 74 సెంటీమీటర్లకు మించదు. కాయిన్ బరువు 5 గ్రాములనుంచి 5.50 గ్రాముల దాకా. మూల పాకెట్ అడ్డకొలత 4.45 సెంటీమీటర్లు. ఇక స్ట్రైకర్... అడ్డకొలత 4.13 సెంటీమీటర్లకు మించకూడదు, బరువు 15 గ్రాములకు మించకూడదు, గుండ్రంగా నున్నగా ఉండాలి, ఏనుగు దంతం పనికిరాదు, లోహం పనికిరాదు. అంతే. ఎవరు చేశారు, ఎక్కడ కొన్నారు అన్న మాట ఆ నాలుగు ముక్కల్లో లేదు.

ఇక్కడొక చమత్కారం ఉంది, గమనించారా? బోర్డు టోర్నమెంటు వాళ్లది. కాయిన్లు వాళ్లవి. పౌడరు వాళ్లది. పైన వేలాడే బల్బు వాళ్లది. ఒక్క స్ట్రైకర్ మాత్రం ఆటగాడి జేబులోంచి వస్తుంది. పెద్ద పెద్ద ఛాంపియన్లంతా సొంత స్ట్రైకర్‌ని గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, కంటిపాపలా చూసుకుంటారు. ఇద్దరూ పంచుకునేది ఉమ్మడిగా ఉండాలి, చేతిలో పట్టుకునేది ఎవరిది వాళ్లకి ఉండొచ్చు... ఆట పెద్దలు ఇంత బాగా ఆలోచించి పెట్టారు. గొడవంతా ఊళ్లల్లోనే!

మా దేవనకొండ కర్నూలు జిల్లా పడమటి వైపు ఊరు. ఎర్రమట్టి, శెనక్కాయ, పత్తి. వానలు పడితే సంసారం, పడకపోతే గుంటూరు మిరపకోతలకి వలస. సినిమా అంటే ఆదోనికో, ఎమ్మిగనూరుకో, పత్తికొండకో బస్సెక్కేవాళ్లం. మిగతా రోజుల్లో మాకున్న వినోదం దర్జీ మామ అంగడి. మామ లోపల మిషను తొక్కుతూ ఉండేవాడు, బయట అరుగు మీద బోర్డు. పొద్దున ఉగ్గాణి బజ్జీ తిన్న చేతుల్తో ఎవడైనా కాయిన్ ముట్టుకుంటే కత్తెర ఎత్తి చూపేవాడు. "ముందు చేతులు కడుక్కోరా! నూనె అంటితే బోర్డు సచ్చిపోతాది."

ఆ అరుగు మీద ఆడిన ఆటలో సగం సామాను మేం చేసుకున్నదే. బోరిక్ పౌడరు మందుల అంగట్లో దొరికేది గానీ డబ్బులుండొద్దూ? పండగరోజు కొన్న మొహం పౌడరు చల్లితే బోర్డంతా ఘుమఘుమ... కాయిన్ మాత్రం కదలదు. మైదాపిండి చల్లితే మొదట జారేది, గంటకల్లా జిడ్డు. బియ్యప్పిండి ఇంకా ఘోరం, మరుసటి రోజుకి చీమలు! పౌడరు సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆటలో బయటి వస్తువు దోషం నిజంగా ఎక్కడుందో అక్కడ తెలిసొచ్చింది. పౌడరు ఒకడు తెచ్చి తన వైపు ఎక్కువ, అవతలివాడి వైపు తక్కువ చల్లితే అది ఇద్దరి ఆటనీ మారుస్తుంది. స్ట్రైకర్ అట్లా కాదు. అది మంచిదైతే నాకే, చెడ్డదైతే నాకే.

పాతకాలపు ఆటలు చూడండి. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. పులులకి చింతపిక్కలు పెడతాం, మేకలకి గులకరాళ్లు. రాయి చిన్నదైనా పెద్దదైనా మేక మేకే. దాని బరువుతో ఆటకి పని లేదు గనక ఎవడూ అడగలేదు. క్యారమ్స్‌లో బరువే ప్రాణం గనక అడగాల్సొచ్చింది.

మా చిన్నాయన ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. ఆదోని అంటే పత్తి వ్యాపారం, మిల్లులు. మిల్లులున్న చోట లేత్ మిషన్లుంటాయి, లేత్ ఉన్నచోట తుక్కు ఉంటుంది. 1992లో, నేను ఇంటర్ చదివేటప్పుడు, ఆయన శనివారం సాయంత్రం బస్సు దిగి నా చేతిలో తెల్లటి బిళ్ల ఒకటి పెట్టినాడు. అరిగిపోయిన నైలాన్ రాడ్డు ముక్కని లేత్ మీద తిప్పించి చేయించినాడట.

"దుకాణంలో మంచిది కొనాలంటే నా రోజు కూలి సాలదురా అబ్బీ. ఇది సూడు, ఎట్లుందో!"

ఎట్లుంది? మొదట గరుగ్గా ఉంది. నీళ్లు పోసి గరుకు కాగితంతో మూడు రోజులు రుద్దాను. తర్వాత గుడ్డకి పళ్లపొడి అద్ది రుద్దాను. అంచు వంపు కుదరడానికి చిన్నాయన రెండుసార్లు మళ్లీ ఆదోని తీసుకుపోయి తిప్పించినాడు. అంచు నిటారుగా ఉంటే కాయిన్ ఎగిరిపడుతుంది, మరీ వాలుగా ఉంటే కాయిన్ మీదికి ఎక్కుతుంది. ఆ మధ్యన ఎక్కడో ఉంటుంది సరైన అంచు. కొన్నాళ్లకి అది నా వేలికి అలవాటైపోయింది. ఎంత అంటే, కళ్లు మూసుకుని పది స్ట్రైకర్లలో నాది తీసి ఇవ్వగలను. సన్నటి కట్ షాట్ కొట్టి స్ట్రైకర్‌ని అక్కడికక్కడే ఆపడం దానితోనే నేర్చుకున్నాను.

1993 సంక్రాంతికి మా ఊళ్లో టోర్నమెంటు. పెట్టింది ఒక హీరోగారి అభిమాన సంఘం. ఏ హీరో అని అడక్కండి, మళ్లీ మీరంతా సంపాదకుడికి ఉత్తరాలు గుప్పిస్తారు! పందిరి వేసి, హీరో కటౌట్ కట్టి, నాలుగు బోర్డులు పెట్టినారు. ఆదోని, ఎమ్మిగనూరు, గోనెగండ్ల నుంచి కూడా పిలకాయలు వచ్చినారు. ఎంట్రీ ఫీజు పది రూపాయలు. మొదటి బహుమతి గోడ గడియారం.

క్వార్టర్ ఫైనల్లో నాకెదురు ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒకాయన. నాకన్నా పెద్దవాడు. మూడు బోర్డులయ్యేసరికి నేను 14, ఆయన 5. నాలుగో బోర్డుకి కాయిన్లు పేరుస్తుంటే కమిటీ అన్న ఒకాయన వచ్చి నా స్ట్రైకర్ తీసి వెల్తురుకి ఎత్తి చూసినాడు.

"ఇది యాడ కొన్యావప్పా?"

"కొనలేదన్నా. మా చిన్నాయన ఆదోనిలో చేయించినాడు."

"కంపెనీ మార్కు ల్యాదే! బయట చేసిన సామాను చెల్లదు."

"అట్లని యాడ రాసినారన్నా?"

"రాసేదేంది? కమిటీ చెప్తాంది గదా!"

నా చేతికి కమిటీ స్ట్రైకర్ ఒకటిచ్చినారు. దాని అంచు ఒకచోట లేచిపోయి ఉంది. నేరుగా కొడితే కుడికి పోతుంది. నా ఎదుటాయన తన జేబులోంచి తీసిన స్ట్రైకర్‌తోనే ఆడుతున్నాడు. అదీ సొంతమే! కాకపోతే దుకాణంలో కొన్నది, మీద బంగారు రంగు అక్షరాలున్నాయి. నేను 25కి 17 దగ్గర ఆగిపోయాను. చిన్నాయన జనంలో నిలబడి చూస్తున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నవ్వితే బాగుండుననిపించింది, తిట్టినా బాగుండుననిపించింది.

ఇక్కడ జరిగింది సొంత స్ట్రైకరా, కమిటీ స్ట్రైకరా అన్న తగాదా కాదు. అందరికీ కమిటీ స్ట్రైకరే అంటే నోరు మూసుకుని ఆడేవాణ్ణి. కొన్నది చెల్లుతుంది, చేసింది చెల్లదు... ఇదీ తీర్పు. అదీ ఆట మధ్యలో!

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి ఆటల చరిత్ర చదువుతుంటే నాకు జతగాళ్లు దొరికారు. 1952లో టేబుల్ టెన్నిస్ ప్రపంచ పోటీలు బొంబాయిలో జరిగాయి. జపాన్ నుంచి హిరోజి సాతో అనే ఆటగాడు వచ్చాడు. అందరి బ్యాట్లకీ బుడిపెల రబ్బరు, ఇతనిదానికి మందపాటి స్పాంజి. బంతి తగిలితే చప్పుడే లేదు! చప్పుడు విని దెబ్బ అంచనా వేసే యూరప్ వీరులంతా తెల్లమొహం వేశారు. సాతో పురుషుల సింగిల్స్ ఛాంపియన్ అయ్యాడు. గోల జరిగింది, జరగదా మరి? కానీ అప్పటికి రూలు లేదు గనక గెలుపు గెలుపే. 1959లో సమాఖ్య రబ్బరుకీ స్పాంజికీ మందం హద్దు పెట్టింది. అంటే స్పాంజిని వెళ్లగొట్టలేదు, కొలత పెట్టింది. అది మర్యాద.

రెండోది మన క్రికెట్ పిచ్చోళ్లకి తెలిసిందే. 1979 డిసెంబరు, పెర్త్. డెన్నిస్ లిల్లీ ఇంగ్లండు మీద అల్యూమినియం బ్యాటు పట్టుకుని దిగాడు. తగిలిన ప్రతిసారీ టంగుమని మోత! బంతి పాడవుతోందని ఇంగ్లండు కెప్టెన్ బ్రేర్లీ ఫిర్యాదు చేశాడు. చివరికి తన కెప్టెన్ గ్రెగ్ చాపెలే చెక్క బ్యాటు తెచ్చి ఇవ్వాల్సొచ్చింది. లిల్లీ కోపంతో అల్యూమినియం బ్యాటు విసిరేశాడు. సినిమాలో ఆ షాట్ పెడితే అతి అంటాం. తర్వాత బ్యాటు చెక్కతోనే ఉండాలని రాసేశారు. ఇక్కడ నేను లిల్లీ పక్షం కాదు. బంతి ఇద్దరిదీ. ఒకడి బ్యాటు అవతలివాళ్లు వేసే బంతిని దెబ్బతీస్తుంటే అది నా పౌడరు లెక్కలోకి వస్తుంది, స్ట్రైకర్ లెక్కలోకి రాదు.

సరే, దేవనకొండకి వద్దాం.

ఆ ఏడాదంతా దర్జీ మామ అరుగు మీద ఇదే చర్చ. మామ మాత్రం ఎవరి పక్షమూ వహించేవాడు కాదు, దారం కొరుకుతూ ఒకే ప్రశ్న వేసేవాడు. "నేను కుట్టిన చొక్కా ఏసుకుంటే పెండ్లి చెల్లదా? రెడీమేడే ఏసుకోవాల్నా?" ఈ మాట కమిటీ దాకా పోయింది. కమిటీ వాళ్లు కూడా చెడ్డవాళ్లు కాదండీ. మోసం జరుగుతుందని వాళ్ల భయం. భయానికి కారణం లేకపోలేదు, అదీ చెప్తాను.

1994 సంక్రాంతి టోర్నమెంటుకి ముందు, కర్నూలులో తన ఆఫీసు తరఫున క్యారమ్స్ ఆడిన ఒక సారు మా ఊరికి బదిలీ మీద వచ్చినాడు. ఆయన దగ్గర రూళ్ల జిరాక్స్ కాగితాలున్నాయి. పందిట్లో నిలబడి చదివి వినిపించినాడు. 4.13 సెంటీమీటర్లు, 15 గ్రాములు, దంతం వద్దు, లోహం వద్దు. కమిటీ అన్న తలగోక్కున్నాడు. "సరే సార్. మరి గ్రాములు ఎవరు తూస్తారు? కిరాణా తక్కెట్లో 15 గ్రాములు తేలేదెట్లా?"

వెనకనుంచి ఎవరో అరిచినారు. "ఆచారి తాతని పిల్సండి!"

బంగారం తూచే తక్కెడ గాజుపెట్టెతో సహా పందిట్లోకి వచ్చింది. గాలి తగలకుండా నలుగురు దుప్పటి పట్టుకున్నారు. తాత అంతటితో ఊరుకోలేదు. సారు చెప్పిన కొలతకి ఇత్తడి రేకులో గుండ్రటి బెజ్జం కోసుకొచ్చినాడు. స్ట్రైకర్ బెజ్జంలోంచి అటునుంచి ఇటు దూరాలి, తర్వాత తక్కెడ ఎక్కాలి. ఆ రెండు పరీక్షలకీ ఆటగాళ్లంతా వరస కట్టారు. ఆట చూడ్డానికి వచ్చిన జనం కంటే తూకం చూడ్డానికి వచ్చిన జనం ఎక్కువ! ప్రతి తూకానికీ ఈలలు, చప్పట్లు... మొదటి రోజు మొదటి ఆటకి టిక్కెట్లు తెగినట్టే.

నాది 14 గ్రాముల 600 మిల్లీగ్రాములు. బెజ్జంలోంచి సాఫీగా జారింది. తాత దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, "లేతు పని బాగుంది" అన్నాడు. చిన్నాయన అప్పుడు నవ్వినాడు.

నిరుడు నన్ను ఓడించినాయన కూడా వచ్చినాడు. ఆయన బంగారక్షరాల స్ట్రైకర్ 15కి లోపలే తూగింది. ఏ మాటకా మాట చెప్పాలి గదా, అది ఎక్కువ తూగాలని నేను మనసులో మొక్కుకున్నాను. దేవుడు వినలేదు. కానీ మరో ఇద్దరివి పట్టుబడ్డాయి. ఒకటి దుకాణంలో కొన్నదే, 16 దాటింది. పాపం, ఆ పిలగాడికి ఆ సంగతి తెలియనే తెలియదు. రెండోది ఇంట్లో చేసింది. తూస్తే 22 గ్రాములు! తాత అనుమానమొచ్చి నఖంతో గీకితే మధ్యలో లక్క ఊడి, లోపల సీసం బయటపడింది. కమిటీ వాళ్ల భయం ఊరికే రాలేదని అందుకే అన్నాను. అయితే ఆ సీసాన్ని పట్టింది కంపెనీ మార్కు కాదు, తక్కెడ.

ఇంకో తమాషా జరిగింది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మగ్గంవాళ్ల పిలగాడొకడు నల్లటి స్ట్రైకర్ తెచ్చినాడు. బర్రెకొమ్ముతో చేసింది. వెంటనే లొల్లి మొదలు. కొమ్మంటే దంతమేనా, కాదా? ఒకాయన రెండూ జంతువునుంచి వచ్చేవే గదా అన్నాడు. ఇంకొకాయన, అట్లయితే చెప్పులేసుకుని ఆడేవాళ్లని కూడా బయటికి పంపమన్నాడు. అరగంట గడిచింది. చివరికి సారు కాగితం మళ్లీ చదివి, "ఇందులో దంతం అని ఉంది, కొమ్ము అని లేదు. లేనిది మనం చేర్చకూడదు" అని తేల్చినాడు. ఆ కొమ్ము స్ట్రైకర్ పిలగాడే సెమీ ఫైనల్లో నన్ను ఓడించినాడు. ఎర్రకాయిన్ వేసి, దాన్ని ఫాలో చేస్తూ వాడు కొట్టిన రీబౌండ్ షాట్ ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఏడుపొచ్చింది గానీ, ఆ రాత్రి అన్నం తిన్నాను. నిరుడు తినలేదు.

ఇంతకీ బరువు స్ట్రైకర్ వల్ల అంత లాభముందా? ఆ సాయంత్రమే సారు సిగరెట్ పెట్టె వెనక లెక్క వేసి చూపించాడు. స్ట్రైకర్ 15, కాయిన్ 5 అనుకుందాం. తిన్నగా ఎదురుగా తగిలితే కాయిన్ స్ట్రైకర్ వచ్చిన వేగానికి ఒకటిన్నర రెట్లు వేగంతో దూసుకుపోతుంది, స్ట్రైకర్‌కి సగం వేగం మిగులుతుంది. మరి స్ట్రైకర్‌ని 20 గ్రాములు చేస్తే? కాయిన్ వేగం ఒకటిన్నర నుంచి 1.6 రెట్లకి పెరుగుతుంది. అంతే! కానీ స్ట్రైకర్‌కి సగానికి బదులు 0.6 వంతు మిగిలిపోతుంది. అంటే అది కాయిన్ వెనకాలే పరిగెత్తి తనూ పాకెట్లో పడే ప్రమాదం ఎక్కువ. పాకెట్ 4.45, స్ట్రైకర్ 4.13... మధ్య సందు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. పడితే డ్యూ! (బోర్డు రాపిడి, సరిగ్గా మధ్యలో తగలకపోవడం వదిలేస్తే లెక్క ఇదీ.) గుంపుగా పేర్చిన కాయిన్లని మొదటి దెబ్బకి చెదరగొట్టడానికి బరువు పనికొస్తుంది, నిజమే. తర్వాత సన్నపు పనికి అదే గుదిబండ. సీసం పోసుకున్న కుర్రాడు పది రూపాయల ఫీజు పోగొట్టుకుని, పరువు పోగొట్టుకుని సంపాదించాలనుకున్నది ఈ మాత్రమే. చదువుకుంటే ఎన్ని లాభాలో చూశారా!

సామాను సంగతి చిన్నదిగా కనిపించొచ్చు. కానీ ఈ ఆటలోకి ఎవరొస్తున్నారో చూడండి. 2016లో బర్మింగ్‌హామ్‌లో మన హైదరాబాదు అపూర్వ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. 2024లో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్పులో చెన్నై అమ్మాయి ఖాజిమా మూడు బంగారు పతకాలు తెచ్చింది. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ఇది ఖరీదైన మైదానాలు, బూట్లు, కోచింగు అక్కర్లేని ఆట. అరుగు చాలు. అలాంటి ఆటలో ఏ ఊరి కమిటీ అయినా 'కొన్నదే చెల్లుతుంది' అంటే, అది మోసాన్ని ఆపదు, కొనలేనివాణ్ణి ఆపుతుంది.

ఈ మాటే మొన్న మా మేనల్లుడితో ఫోన్లో వాదించాను. వాడు అమెరికాలో ఉద్యోగం. ఖాళీ దొరికితే వార్‌హామర్ అనే ఆట ఆడతాడు. బల్ల మీద బొటనవేలంత సైనికుల బొమ్మలు, వాటికి సన్న కుంచెతో రంగులు, అంగుళాల టేపుతో కొలిచి నడిపించడం, పాచికలు వేసి యుద్ధం! ముప్పై దాటిన మగవాళ్లు బొమ్మలాట ఆడతారా అని మా అక్క గొణుగుతుంది గానీ, పండగకి బొమ్మల కొలువు పెట్టే మనమా అనేది? ఆ ఆట ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీది. వాళ్లు జరిపే సొంత పోటీల్లో వాళ్ల బొమ్మలే ఉండాలి. వేరే కంపెనీ బొమ్మ పెట్టినా, ఇంట్లో త్రీడీ ప్రింటర్ మీద అచ్చు తీసుకున్నది పెట్టినా ఒప్పుకోరు.

"చూశావా, కంపెనీ మార్కు! మన సంక్రాంతి కమిటీ అక్కడిదాకా పోయిందిరా" అన్నాను.

"అది కాదు మామా. వాళ్ల దుకాణం, వాళ్ల పోటీ. వాళ్ల బొమ్మ అమ్ముకోవడానికే గదా పెట్టేది? ఇష్టం లేకపోతే పోవద్దు. మేం ఫ్రెండ్సు పెట్టుకునే పోటీల్లో ఎవరి బొమ్మ అయినా ఓకే."

"ఎవరిదైనా అంటే, ఎట్లున్నా సరేనా?"

"అట్లెట్లా? ఆ ఆటలో బొమ్మ వెనకనుంచి వంగి చూస్తాం మామా... అవతలి బొమ్మ కనబడితేనే తుపాకీ పేల్చొచ్చు. ఎవడైనా పొట్టి బొమ్మ తెస్తే గోడ చాటున దాక్కుంటాడు. అందుకని ఎత్తు అసలు బొమ్మంత ఉండాలి. కింద పీట కూడా అంతే ఉండాలి. 32 మిల్లీమీటర్ల పీట అంటే 32 మిల్లీమీటర్లే. ఆటకి ముందు పక్కపక్కన పెట్టి చూసుకుంటాం."

కంపెనీ తన పందిట్లో తన సరుకే ఉండాలంటే నాకు పేచీ లేదు, వ్యాపారం వ్యాపారమే. కానీ దాన్ని ఆట న్యాయం అని పిలవకుండా ఉంటే చాలు. ఊరందరి దగ్గర ఫీజు వసూలు చేసి పెట్టే టోర్నమెంటు వేరు. అక్కడ మా ఆచారి తాత ఇత్తడి రేకు ఉండాలి. స్నేహితుల పోటీల్లో మావాడు చేసేది అదే పని, బెజ్జం బదులు పీట కొలుస్తున్నాడు.

మాట మీద మాటగా వాడికి చిన్నాయన స్ట్రైకర్ కథ మొత్తం చెప్పాను. విని కాసేపు ఊరుకుని, "మామా, ఆ స్ట్రైకర్ ఇంకా ఉందా? దాని కొలతలు, అంచు వంపు ఫొటో తీసి పంపితే ఇక్కడ అచ్చుగుద్దినట్టు ప్రింట్ తీస్తాను. మా ఆఫీసులో క్యారమ్స్ టోర్నమెంటుంది" అన్నాడు.

కొలతలు పంపాను. బరువు కూడా రాసి పంపాను. ప్రింట్ తీసింది లోపల బోలుగా వచ్చి 9 గ్రాములే తూగిందట. కాయిన్‌కి తగిలితే దెబ్బలో బలం చాలడం లేదని మళ్లీ ఫోన్ చేశాడు. లోపల నిండుగా ఉండేట్టు తీయరా అన్నాను. ఇంకా జవాబు రాలేదు.